మా కారు ఏసీ గ్యాసు ఎక్కడికి పోయింది?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో, కారు నడుపుతున్న సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయినేడు ఇదే సమావేశంలో మేము లేచి, అప్పు తీసుకుని పాత కారు ఒకటి కొన్నామని చెబితే మీరంతా చప్పట్లు కొట్టారు. ఈ ఏడు ఆ కారు లెక్క చెప్పమన్నారు. లెక్క పుస్తకంలో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. అందులో మార్చి నుంచి జూన్ దాకా ఖర్చు కాలమ్ ఉబ్బి కనపడుతుంది. అక్కడ మళ్ళీ మళ్ళీ ఒకటే మాట రాసి ఉంటుంది, 'ఏసీ గ్యాసు' అని. ఆ మాట వెనకాల మేము డబ్బులు పోగొట్టుకున్నాం, ఒక మనిషిని కూడా పోగొట్టుకోబోయాం. మీలో ఇంకో మూడు సంఘాలు కారో, వ్యానో కొనాలని చూస్తున్నాయట. అందుకని ఈ సంగతి దాచకుండా చెబుదామనుకున్నాం.

ఏసీ అంటే సోకు అనుకోవద్దు. మన దివిసీమ పక్క ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. రాయలసీమ ఎండ మండుతుంది, మన ఎండ ఉడకబెడుతుంది. చుట్టూ కాలవలు, వరిచేలు, రొయ్యల చెరువులు, ఆ పక్కన సముద్రం. గాలిలో తేమ ఎక్కువ, పట్టిన చెమట ఆరదు. ఆ గాలిలో చల్లపల్లి నుంచి బెజవాడ ఆసుపత్రికి అరవై కిలోమీటర్ల పైన ప్రయాణం. మా కారుకి పెళ్ళి బాడుగలు, మోపిదేవి గుడి బాడుగలు, మాఘమాసంలో హంసలదీవి బాడుగలు వస్తాయి. అవి సీజను బాడుగలు. కిస్తీ కట్టించేవి మాత్రం ఆసుపత్రి బాడుగలే. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళే పెద్దాయన ఒకాయన ఉండేవారు. తిరుగు ప్రయాణంలో ఆయన నీరసంగా వెనక సీట్లో పడుకుంటారు. ఆయనకి చల్లగాలి అవసరం.

మార్చి మొదట్లో ఏసీ చల్లదనం తగ్గింది. బండి నడిపేది మా సభ్యురాలి కొడుకే. దగ్గరలో ఉన్న షాపుకి తీసుకెళితే గ్యాసు అయిపోయిందన్నారు, ఎక్కించారు. 1,800 రూపాయలు. అయిదు వారాలు హాయిగా ఉంది. ఏప్రిల్లో మళ్ళీ అదే వరస. ఈసారి ఇంకో చోటికి వెళ్ళాం. వాళ్ళు మెషిన్ పెట్టి లోపలి గాలంతా లాగి, అరగంట ఆగి చూసి, లీకు ఏమీ లేదు అని చెప్పి గ్యాసు ఎక్కించారు. 2,200. అది మూడు వారాలు కూడా రాలేదు. రోహిణీ కార్తె వచ్చేసరికి వేడిగాలి కొడుతోంది. అప్పుడు చెప్పారు, కంప్రెసర్ సీలు పోయింది, మొత్తం మార్చాలి, 22 వేలు అవుతుంది అని.

22 వేలంటే మాకు రెండు నెలల కిస్తీ పైన. డయాలసిస్ పెద్దాయన వాళ్ళబ్బాయి ఫోను చేసి, "ఏమనుకోకండమ్మా, ఎండలు తగ్గిందాకా వేరే బండి చూసుకుంటాం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఏం చెప్పగలం?

ఆ వారం మీటింగు బాగా జరగలేదు. బండి అమ్మేద్దామని ముగ్గురన్నారు. ఇంకొకరు అనకూడని మాట అన్నారు. "గ్యాసు నిజంగా ఎక్కించారో లేదో ఎవరు చూశారు? బిల్లు తెచ్చేదీ వాడే, డబ్బు పట్టుకెళ్ళేదీ వాడే" అని. మాట అన్నది ఒకరే, కానీ కాదని అన్నవాళ్ళం లేము. మినిట్స్ పుస్తకంలో 'డ్రైవరు ఖర్చుల మీద సందేహం వ్యక్తమైనది' అని రాశాం. ఆ అబ్బాయి తల్లి అక్కడే కూర్చుని ఉంది. ఏమీ అనకుండా పొదుపు డబ్బులు పెట్టి, సంతకం చేసి లేచిపోయింది. తర్వాత రెండు వారాలు రాలేదు. పొదుపు పక్కింటి పిల్లతో పంపింది.

మూడో వారం మా బుక్ కీపరు ఒక ప్రశ్న అడిగింది. "వంట గ్యాసు మండి అయిపోతుంది, పెట్రోలు మండి అయిపోతుంది. మరి ఏసీ గ్యాసు ఎక్కడ మండుతోంది? ఎక్కడికి పోతోంది?" మాలో ఎవరికీ తెలియదు. ముందే ఆ ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత మేము నేర్చుకున్నది మీకు చెబుతాం. సూది వేసే ముందు నర్సమ్మ దూదితో స్పిరిట్ రాస్తే జిల్లుమంటుంది కదా. స్పిరిట్ ఆవిరవుతూ ఒంట్లో వేడిని లాక్కుని పోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ అందుకే. కారు ఏసీలోనూ జరిగేది అంతే. అందులో తిరిగే గ్యాసుని ఆర్ 134ఏ అంటారు. అది మామూలు గాలి ఒత్తిడి దగ్గర మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోతుంది. డ్యాష్‌బోర్డు వెనకాల ఎవాపరేటర్ అని ఒక చిన్న జాలీ ఉంటుంది. ద్రవంగా వచ్చిన గ్యాసు సన్నటి రంధ్రంలోంచి అందులోకి చిమ్మి ఆవిరవుతుంది, బండి లోపలి వేడిని తీసుకుంటుంది. ఇంజనుకి బెల్టుతో తగిలించిన కంప్రెసర్ ఆ ఆవిరిని పీల్చి నొక్కుతుంది. సైకిల్‌కి గాలి కొడితే పంపు కాలుతుంది చూశారా, అలాగే నొక్కిన ఆవిరి బాగా కాగుతుంది. అది బండి ముందు భాగాన, రేడియేటరుకి ఎదురుగా ఉన్న కండెన్సర్ జాలీలోకి వెళ్ళి, ఆ వేడిని బయటి గాలికి వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. మధ్యలో తడిని పీల్చే డ్రయ్యర్ ఒకటి ఉంటుంది. మళ్ళీ మొదటికి. తిరగలి తిరిగినట్టు తిరుగుతూనే ఉంటుంది.

ఇందులో గ్యాసు ఖర్చయ్యే చోటే లేదు. రబ్బరు పైపుల్లోంచి ఏళ్ళ మీద కొద్దికొద్దిగా పోవడం మామూలే. కానీ అయిదు వారాల్లో పోయిందంటే ఎక్కడో కంత ఉన్నట్టే. కంత మూయకుండా గ్యాసు ఎక్కించడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడం.

మేము నలుగురం, ఆ అబ్బాయి కలిసి బెజవాడ ఆటోనగర్ వెళ్ళాం. తల్లిని కూడా రమ్మన్నాం, రానంది. ఆటోనగర్లో ఒక్కో వీధి ఒక్కో పనికి. ఏసీ పనులు చేసే పెద్దాయన ఒకాయన మా మాటలు మొత్తం విని, ఏదీ విప్పలేదు. బానెట్ ఎత్తి టార్చి వేసి పైపుల జాయింట్లు ఒక్కొక్కటే వేలితో తడిమి చూశారు. ఎందుకండీ అంటే, "గ్యాసుతో పాటు నూనె కూడా తిరుగుతుందమ్మా. గ్యాసు కారేచోట నూనె మరక పడుతుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది" అన్నారు. గ్యాసు ఎక్కించే నాజిల్ ఒకటి ఉంటుంది. దాని మీదుండాల్సిన మూత లేదు. దాని చుట్టూ నల్లగా జిడ్డు. ఆయన సబ్బు నురుగు వేలితో తీసి దాని మీద పెట్టారు. ఒక్క నిమిషంలో చిన్న బుడగ లేచింది, పగిలింది, ఇంకోటి లేచింది. మా కళ్ళతో మేము చూశాం.

కారు టైరు వాల్వులో ఉన్నట్టే అందులో ఒక పిన్ను, దానికో రబ్బరు ఉంటాయి. ఆ రబ్బరు అరిగింది. అంతే! కంప్రెసర్ చక్కగా ఉంది.

మరి రెండోచోట మెషిన్ పెట్టి చూస్తే ఎందుకు దొరకలేదు? ఇదీ ఆయనే చెప్పారు. మెషిన్ పైపు తగిలించినప్పుడు ఆ పిన్నుని నొక్కి పట్టుకుంటుంది. వాల్వు తెరిచి, దాని మీద పైపు బిగిసి ఉంటుంది. కాబట్టి ముల్లు కదలదు. పైపు తీసేశాక కారడం మొదలు. వాళ్ళు మోసం చేశారని మేము అనం. వాళ్ళ పరీక్షకి అందని చోట కంత ఉంది. కానీ 22 వేల మాట చెప్పే ముందు సబ్బు నురుగు పెట్టి చూస్తే ఒక్క నిమిషం పని.

ఆయన మిగిలిన గ్యాసుని గాల్లోకి వదలకుండా మెషిన్లోకి లాగి తూచారు. మా బండికి పట్టేది 400 గ్రాములని బానెట్ కింద స్టిక్కరు మీద ఉంది. మిగిలింది 140. రెండు వైపులా పిన్నులు మార్చి, కొత్త మూతలు పెట్టి, అరగంట పైగా వాక్యూమ్ పట్టి, తూకం వేసి సరిగ్గా 400 ఎక్కించారు. పిన్నులు, మూతలు కలిపి రెండొందల లోపే. మొత్తం బిల్లు 1,900. డ్యాష్‌బోర్డు గాలి దారిలో థర్మామీటరు పెడితే ఎనిమిది డిగ్రీలు చూపించింది. మేము ఆ చల్లగాలిలో కూర్చుని ఇంటికొస్తున్నా ఎవరమూ సంతోషంగా లేం. అబ్బాయి ముందు సీట్లో నోరు మెదపకుండా నడుపుతున్నాడు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాం. మాట అన్నావిడే ముందు మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ చెప్పడం బాగోదు. మినిట్స్‌లో పాత వాక్యం కొట్టెయ్యలేదు, రాసింది రాసినట్టే ఉండాలి కదా. దాని కిందే, 'సందేహం తప్పు అని తేలినది, సంఘం క్షమాపణ కోరినది' అని ఇంకో తీర్మానం రాసి పది మందిమి సంతకాలు పెట్టాం. ఆవిడ పదకొండో సంతకం పెట్టింది.

ఇక మీకు పనికొచ్చేవి. ఏసీ చల్లగా లేదంటే ప్రతిసారీ గ్యాసు తగ్గినట్టు కాదు. బండి ఏ లక్షణం చూపిస్తోందో ముందు చూసుకోవాలి.

జూలైలో మా బండి మళ్ళీ ఒక తమాషా చేసింది. కరకట్ట మీద పోతున్నంతసేపూ చల్లగా ఉంటుంది, బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగగానే వేడిగాలి. ఈసారి మేము ఎక్కడికీ పరిగెత్తలేదు. కదిలితే చల్లన, ఆగితే వేడి అంటే కండెన్సర్ మీదికి గాలి అందడం లేదన్న మాట. పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి ఆ పని చేస్తుంది, ఆగినప్పుడు ఫ్యాన్ చెయ్యాలి. ఇంటి ముందు బండి ఆపి ఏసీ వేసి చూస్తే ఫ్యాన్ తిరగడం లేదు. ఫ్యూజు బాగానే ఉంది. అబ్బాయి ఇంజను ఆపి, ఫ్యూజు బాక్సులోంచి అదే నంబరున్న హారన్ రిలే తీసి ఫ్యాన్ రిలే చోట పెట్టాడు. ఫ్యాన్ తిరిగింది. కొత్త రిలే తెచ్చి వేశాం, పని అయిపోయింది. ఆ రోజు మా బుక్ కీపరు ముఖం చూడాలి మీరు!

ఫ్యాన్ తిరుగుతున్నా అదే లక్షణం ఉంటే కండెన్సర్ జాలీ మూసుకుపోయి ఉండొచ్చు. కోతల రోజుల్లో ఊక, దుమ్ము, రాత్రిపూట పురుగులు, వానల్లో చేల దారుల బురద అన్నీ అక్కడే చేరతాయి. సన్నటి ధారతో నీళ్ళు పోసి కడగాలి. సర్వీసింగ్ సెంటర్లో కొట్టే గన్ను దగ్గరగా పెడితే ఆ రేకులు వంగిపోతాయి, గాలి ఇంక దూరదు. హంసలదీవి, నాగాయలంక వైపు వెళ్ళొస్తే మర్నాడు మంచినీళ్ళతో కడిగిస్తాం. ఉప్పుగాలి అల్యూమినియాన్ని తినేస్తుంది.

గాలి చల్లగానే ఉంది గానీ సన్నగా వస్తోందంటే గ్లవ్ బాక్సు వెనకాల ఉండే క్యాబిన్ ఫిల్టరు తీసి చూడండి. మాది తీస్తే అందులో అరచేతికి నిండుగా దుమ్ము, ఒక ఎండిన వేపాకు రెమ్మ వచ్చాయి. కొన్ని పాత బండ్లకి ఆ ఫిల్టరే ఉండదు. గంట ప్రయాణం అయ్యాక గాలి సన్నబడిపోయి, ఏసీ ఆపి పది నిమిషాలయ్యాక మళ్ళీ మామూలుగా వస్తే లోపలి జాలీ మీద మంచు కట్టిందన్న మాట. అది మెకానిక్ చూడాల్సిన పని.

బండి కింద నీళ్ళు కారుతుంటే భయపడొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు, లోపలి జాలీ మీద పట్టిన తేమ అది. మన గాలికి అది ఎక్కువే కారుతుంది, కారకపోతేనే అనుమానించాలి. ఆ నీళ్ళు లోపల కాళ్ళ దగ్గర మ్యాట్ మీద చేరితే మాత్రం బయటికి పోయే గొట్టం మూసుకుపోయింది. ఏసీ వెయ్యగానే ముక్కిపోయిన వాసన వస్తే, ఇంటికి రెండు కిలోమీటర్లుండగానే ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం తిరగనివ్వండి. తడి ఆరితే బూజు పట్టదు.

ఏసీ నొక్కితే బానెట్ కింద టక్ మని చప్పుడొస్తుంది. చాలా బండ్లలో కంప్రెసర్ పట్టుకున్న చప్పుడది. అసలు ఆ చప్పుడే రాకపోతే ఫ్యూజు, రిలే, ఎలుకలు కొరికిన వైరు, ఇవన్నీ చూడాలి. గ్యాసు బాగా తగ్గినా అది పట్టదు. తగ్గితే పట్టకుండా ఆపడానికి ఒక స్విచ్చు పెట్టారు. ఎందుకంటే కంప్రెసర్‌కి కావలసిన నూనె గ్యాసుతోనే తిరుగుతుంది. గ్యాసు లేకుండా తిప్పితే అది నిజంగానే పోతుంది, అప్పుడు 22 వేలు నిజమవుతాయి. కాబట్టి చల్లదనం తగ్గినట్టు కనిపిస్తే లాగించుకుంటూ తిరగకండి. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వెయ్యండి, సీళ్ళకి నూనె అందుతుంది.

షాపుకి వెళ్ళేటప్పుడు మా సంఘం ఇప్పుడు ఇద్దరిని పంపుతుంది. అనుమానంతో కాదు, నాలుగు కళ్ళు ఉంటే మంచిదని. లీకు ఎక్కడుందో చూపించిన తర్వాతే గ్యాసు. వాక్యూమ్ పట్టకుండా ఎక్కిస్తామంటే వద్దంటాం, లోపల గాలీ తడీ ఉండిపోతాయి. గ్యాసు గ్రాముల్లో తూచి ఎక్కించాలి. రేషన్ బియ్యం తూకం దగ్గర మనం ఎలా నిలబడతామో అలాగే కాటా దగ్గర నిలబడండి. ఎక్కువ ఎక్కిస్తే ఎక్కువ చల్లగా ఉండదు, ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుంది. మార్చిన పాత సామాను అడిగి తెచ్చుకోండి. చివరిగా, నాజిల్ మీద మూత ఉందో లేదో చూడండి. చవకగా వస్తుందని మండే గ్యాసులు ఎక్కించుకోవద్దు, డ్యాష్‌బోర్డు వెనకాల లీకైతే బండిలో మనుషులుంటారు.

ఈ గ్యాసు గురించి ఇంకో ముక్క. పూర్వం బండ్లలో ఆర్ 12 అని వేరే గ్యాసు వాడేవాళ్ళు. అది పైనున్న ఓజోన్ పొరని తినేస్తోందని 1987లో మాంట్రియల్లో కొన్ని దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశంలోనూ 2010 నాటికి ఆపేశారు. ఇప్పటి ఆర్ 134ఏ ఓజోన్ జోలికి పోదు గానీ, భూమిని వేడెక్కించడంలో ఒక కిలో దాదాపు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మా బండి నుంచి తక్కువలో తక్కువ 800 గ్రాములు గాల్లో కలిసిందని ఆటోనగర్ పెద్దాయన అంచనా. మా బుక్ కీపరు కాగితం మీద వేసి చూసింది. 1,100 కిలోల పైన అయింది. అంత రావాలంటే దాదాపు 480 లీటర్ల పెట్రోలు తగలెయ్యాలి. బెజవాడకి అరవై సార్లు వెళ్ళొచ్చినట్టు. తెల్లారుజామున లేచి స్వచ్ఛ చల్లపల్లి వాళ్ళు రోడ్లు ఊడ్చే ఊళ్ళో ఉంటూ, కళ్ళకి కనపడని చెత్త మేము ఇంత పోశామా అనిపించింది. ఇప్పుడు కొన్ని కొత్త బండ్లలో ఆర్ 1234వైఎఫ్ అని ఇంకో రకం వస్తోంది, దాని వేడి చాలా తక్కువ. ఏ బండికి రాసింది ఆ బండికే. ఒకదానిలో ఇంకోటి కలపకూడదు.

జాగ్రత్తలు కూడా వినండి. పైపులు మీరు విప్పకండి. లోపలున్నది ఒత్తిడితో ఉంటుంది, చిమ్మి చర్మానికి తగిలితే గడ్డకట్టిస్తుంది, కంట్లో పడితే కన్నే పోవచ్చు. ఇంజను ఆపినా ముందున్న ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు. మూసిన షెడ్డులో ఇంజను వేసి ఏసీలో నిద్రపోవద్దు, పొగలో ఉండే విషవాయువు వాసన కూడా రాదు.

లెక్క చివరి మాట. డయాలసిస్ పెద్దాయన ఆగస్టులో మళ్ళీ మా బండికే వచ్చారు. కిస్తీలు ఒక్కటీ తప్పలేదు, జూన్ కిస్తీకి మాత్రం మా అంతర్గత అప్పులోంచి తీశాం, అది కూడా తీరిపోయింది. కారు బయట వేపచెట్టు కింద ఉంది. భోజనాలయ్యాక బానెట్ ఎత్తి అన్నీ చూపిస్తాం. చూపించేది ఆ అబ్బాయీ, వాళ్ళమ్మా. ఆవిడ మాకంటే బాగా నేర్చుకుంది. దగ్గరికొచ్చేవాళ్ళు కొంగు నడుముకి బిగించి, జడ ముడి వేసుకుని రండి.